మూడో దాటు

ఆ వేసవిలో నేను మా చెల్లెలి హోటలులో తొంభై ఆరు రోజులు ఉన్నాను. అందులో మొదటి పది రోజులు మాత్రమే నాకు పూర్తిగా అర్థమయ్యాయి.

మా ద్వీపానికి రాజధాని అయిన కాల్యరి పట్టణంలో నేనుండే భవనానికి ముందుగోడ పెచ్చులూడుతున్నదనీ, మరమ్మతు పూర్తయ్యేవరకు కిటికీలు తెరవరాదనీ నోటీసు వచ్చింది. కిటికీలు మూసిన ఇంట్లో వేసవి గడపడం నా వయసుకు తగదు. కనుక జూన్ పదమూడో తేదీన రెండు పెట్టెలు, ఒక నిఘంటువు తీసుకొని ఒరుదై కొండకు బయలుదేరాను. అక్కడ మా నాన్న గొర్రెల దొడ్డి ఉండేది. ఇప్పుడది ఏడు గదుల హోటలు. గొర్రెలు పడుకున్న చోట జర్మన్లు పడుకుంటున్నారు, అంతకుమించి మార్పేమీ లేదని మా చెల్లెలు అసుంతా అంటుంది. అవే రాతి గోడలు, అదే పొగ పట్టిన దూలం, వంటింట్లో అదే మట్టి పొయ్యి. అతిథులు ఆ పొయ్యి ముందు నిలబడి, అసుంతా పలుచని కరసావు రొట్టెను బుడగలా పొంగించి రెండు పొరలుగా విడదీస్తుంటే ఫోటోలు తీసుకుంటారు.

నేను ముప్పై నాలుగేళ్లు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించాను; మా వైపు అట్లాంటి పంతులును కూడా ప్రొఫెసరనే అంటారు. అంతకు ముందు రెండేళ్లు లీడ్స్‌లో చదివాను. గొప్పకు చెప్పడం లేదు. వచ్చిన మొదటి రోజే హోటలు మెనూలోని ఇంగ్లీషును దిద్దడానికి నేను ఎందుకు కూర్చున్నానో తెలియాలని చెబుతున్నాను.

“అన్నయ్యా, ఆ కాయితం వదిలెయ్,” అంది అసుంతా. “తప్పులున్నాయనే దాన్ని ఇష్టపడతారు వాళ్లు.”

“తప్పును ఇష్టపడటమేమిటి?”

“‘కాల్చిన పందిపిల్ల, మా అమ్మమ్మతో సహా’ అని ఉందంట అందులో. పోయినేడు ఒకాయన అది చదివి అరగంట నవ్వాడు. ఈ ఏడు భార్యని కూడా తీసుకొచ్చాడు.”

నేను దాన్ని దిద్దాను. తప్పు తప్పే.

హోటలుకు లేనిదల్లా నీరు. దొడ్డికి పైన, మూడు వందల అడుగుల దూరంలో ఒక ఊట ఉంది. మా నాన్న కాలం నుంచి ఆ నీరే మాకు ఆధారం. నాలుగేళ్ల క్రితం పొరుగు దొడ్డి యజమాని ప్రెదు మర్రొసు ఆ ఊటకు ఇవతలివైపున రాతిగోడ లేపి, ఊట తన హద్దులోనిదన్నాడు. అప్పటినుంచి అసుంతా ట్యాంకరు నీళ్లతో నెట్టుకొస్తున్నది. శాశ్వతమైన నీటి ఆధారం చూపకపోతే అక్టోబరులో హోటలు అనుమతి రద్దు చేస్తామని అధికారులు రాశారు. నూవొరో కోర్టులో వ్యాజ్యం నడుస్తున్నది. సెప్టెంబరు పదహారున సాక్షి విచారణ. ఆ సాక్షిని నేను.

నేను తప్ప మరో సాక్షి బతికి లేడు. పందొమ్మిది వందల యాభై ఏడులో మా నాన్న, ప్రెదు తండ్రి కలిసి హద్దు నిర్ణయించి ఒక బండమీద సిలువ గుర్తు చెక్కారు. తర్వాత రోడ్డు వేసినవాళ్లు ఆ బండను పగలగొట్టి కంకర చేసుకున్నారు. హద్దు వేసేటప్పుడు ఇంటి పిల్లవాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకువెళ్లి, గుర్తు చూపించి, చెంపమీద గట్టిగా ఒకటి కొట్టడం మా వైపు పాత పద్ధతి. దెబ్బ తిన్నవాడు చోటు మరిచిపోడని నమ్మకం. ఆ రోజు దెబ్బ తిన్నవాణ్ణి నేను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

“గుర్తుందిగా అన్నయ్యా?” అని అసుంతా రోజూ పొద్దున్నే కాఫీ పోస్తూ అడిగేది.

“ఎడమ చెంప. నాన్న చేతికి ఉంగరం ఉంది. పెదవి చిట్లింది.”

“చాలు. జడ్జిగారికి అట్లాగే చెప్పు.”

ఆ పది రోజులూ నేను వంటింటి బల్ల దగ్గర, మా నాన్న కూర్చునే చోట కూర్చుని తిన్నాను. ఈ కుటుంబానికి నేను అవసరమని నాకు అంత స్పష్టంగా తెలిసిన కాలం మరొకటి లేదు.

పదకొండో రోజు సంత్ జువాన్నె పండుగ ముందటి సాయంత్రం. ఏటా ఆ రోజు హోటలు ముంగిట మంట వేసి, అది నిప్పుకణికలయ్యాక, ఊరివాళ్లు ఇద్దరు చేతిరుమాలు చెరో కొస పట్టుకొని నిప్పు దాటుతారు. అట్లా దాటిన ఇద్దరూ ఆనాటినుంచి ఒకరికొకరు కొంపారె. కొంపారె అంటే తోడబుట్టినవాడికన్న ఎక్కువ. కొంపారెతో పోట్లాడకూడదు, అబద్ధమాడకూడదు, వాడు అడిగింది లేదనకూడదు. చనువుగా ‘నువ్వు’ అని పిలవడం కూడా ఆ క్షణంతో ఆగిపోతుంది. అతిథులకు ఈ తంతు చాలా ఇష్టం.

ఆ మధ్యాహ్నం అసుంతా కూతురు దానియేలా నా గది తలుపు తట్టింది. హోటలు లెక్కా పత్రమూ, అతిథుల రాకపోకలూ చూసేది ఆ పిల్లే.

“మామయ్యా, ఒక సాయం చేస్తారా? ఏటా మికెలితో నిప్పు దాటే బొబొరె కాలు బెణికిందంట, రానన్నాడు. మికెలి ఒక్కడే ఉన్నాడు. మీరు రుమాలు ఇంకో కొస పట్టుకుంటే చాలు.”

“నేనా? నాటకంలోనా?”

“నాటకం కాదు మామయ్యా, ఐదు నిమిషాలు. ఆ తెల్ల చొక్కాలో మీరు అచ్చం పాతకాలం పెద్దమనిషిలా ఉన్నారు. ఫోటోల్లో బ్రహ్మాండంగా వస్తారు.”

ఆ చివరి మాట అనకపోతే ఒప్పుకొనేవాణ్ణి కానేమో.

మా కొండల్లో వేసవిలో నిప్పు రాజేయాలంటే అగ్నిమాపక వాలంటీరు ఒకడు వీపుకు నీళ్ల డబ్బా తగిలించుకొని పక్కన నిలబడాలి. ఊళ్లో ఉన్న నలుగురు వాలంటీర్లూ వంతులవారీగా వస్తారు. ఆ ఏడు వంతు ఎవరిదో నేను అడగలేదు. నా పొరపాట్లలో మొదటిది అదే.

పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. అతిథులు పదిహేనుమంది, ఊరివాళ్లు ఇరవైమంది గుండ్రంగా నిలబడ్డారు. నిప్పులో పచ్చి కొమ్మలేవో పడి పొగ దట్టంగా లేచింది. కళ్లద్దాలు జారిపోతాయని జేబులో పెట్టుకున్నాను. మికెలి, నేను రుమాలు పట్టుకొని ఒకసారి ఇటునుంచి అటు, ఒకసారి అటునుంచి ఇటు దాటాము. అందరూ చప్పట్లు కొట్టారు. మికెలి రుమాలు వదిలేసి ద్రాక్షసారా పెట్టిన బల్లవైపు నడవబోయాడు.

“ఇంకొక దాటు ఉంది,” అన్నాను.

“రెండేనండీ ప్రొఫెసరుగారూ. మూడోది మేం చెయ్యం.”

“ఎందుకు చేయరు? మా నాయనమ్మ నాకు చెప్పిన పద్ధతి మూడు. మాటలు కూడా ఉన్నాయి. మీరు మాటలే అనలేదు.”

“ఎందుకేంటండీ? మూడోది కూడా చేసి మాటలు అనుకుంటే నిజమైపోద్ది కదా. నాకు మీతో కొంపారె ఎందుకండీ, తమరు పెద్దోరు.” చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఇరవై ఏళ్లుగా వీళ్లు దూరప్రాంతాలనుంచి వచ్చినవారికి సగం తంతు చూపించి పంపుతున్నారని నాకు అప్పుడు తెలిసింది. సగంలో ఆపిన ప్రార్థనను ఎవరూ ప్రార్థన అనరు. మూడు పాదాలు చదివి పద్యం చదివానంటే నా తరగతిలో నేను ఊరుకోలేదు. “మొదటినుంచీ చేద్దాము. మూడూ చేద్దాము. ఎవరైనా రండి,” అని రుమాలు ముందుకు చాచాను.

ఎవరూ కదలలేదు. పొగకు నా కళ్లు నీళ్లు కారుతున్నాయి. నిప్పుకు అవతల వీపున ఏదో మూపురంలా ఉన్న మనిషి ఒకడు కనిపించాడు. “నువ్వే. ఏమి చూస్తావు? వచ్చి పట్టుకో,” అన్నాను.

ఆ మనిషి కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత వీపున ఉన్నది దించి, వచ్చి, రుమాలు కొస పట్టుకున్నాడు.

మూడుసార్లు దాటాము. ప్రతిసారీ అతడు నిప్పు అంచున ఆగేవాడు. వయసు పైబడినవాడనుకొని నేనే రుమాలు లాగేవాణ్ణి. మూడో దాటు తర్వాత మా నాయనమ్మ చెప్పిన మాటలు ఉచ్చారణ చెడకుండా చెప్పాను. “నీకూ నాకూ మధ్య నిప్పు. నిప్పు ఆరినా మాట ఆరదు.”

“మాట ఆరదు, కొంపారె,” అన్నాడు అతడు.

చప్పట్లు అతిథులవైపునుంచి మాత్రమే వచ్చాయి. నేను కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాను. నా ఎదుట రుమాలు పట్టుకొని నిలబడినవాడు ప్రెదు మర్రొసు.

మరునాడు ఉదయం నా గది గుమ్మంలో వెదురుబుట్టలో వెచ్చటి మెత్తని జున్ను ఉంది. ఇంకా ఆవిరి పోలేదు. పైన అంజూరపు ఆకు కప్పి ఉంది. అది తీసుకొని వంటింట్లోకి వెళ్లాను. నా చోట పళ్లెం లేదు.

“మీ బల్ల హాలులో వేశాం, సార్,” అంది అసుంతా రొట్టెపిండి మీదనుంచి తల ఎత్తకుండా.

“సార్ ఏమిటే?”

“కిటికీ పక్కన వేశాం సార్. కొండ కనబడుతుంది.”

హాలులో నా పళ్లెం ముందు, నేను దిద్దిన మెనూ పెట్టి ఉంది. పక్క బల్లమీది జర్మను దంపతులు నాకు నమస్కరించారు. నేను కూర్చున్నాను. మరేమి చేయాలో నాకు తోచలేదు.

దానియేలా కాఫీ తెచ్చినప్పుడు అడిగాను. “మీ అమ్మకు కోపమా?”

“కోపమా అంటారేంటి మామయ్యా! రాత్రంతా ఏడ్చింది. మీకు నిజంగా తెలీదా?”

“తెలియడానికేముంది? అది అతిథుల వినోదం కోసం చేసింది. సెప్టెంబరులో కోర్టులో నేను చూసినది చూసినట్టు చెబుతాను. దానికీ దీనికీ సంబంధమేమిటి?”

దానియేలా ట్రే ఎత్తుకుంది. “ఆ మాట అమ్మతో మాత్రం అనకండి,” అని వెళ్లిపోయింది.

నేను అన్నాను. ఆ మధ్యాహ్నమే అన్నాను. అసుంతా చేతులు కడుక్కొని, తుడుచుకొని, అప్పుడు నోరు విప్పింది.

“కొంపారె మీద కోర్టుకెక్కుతావా? నిప్పు దాటి మూణ్ణెల్లు కాకుండానే?”

“నీ హోటలు నిలబడాలంటే ఎక్కాలి కదా!”

“నువ్వు సాక్ష్యం చెప్తే నీళ్లొస్తాయి. మనుషులు రారు. ఈ ఊళ్లో నాకు గొర్రెపిల్ల అమ్మేవాడుండడు, రొట్టెల దగ్గర చెయ్యి సాయం పట్టేదుండదు. మాట తప్పినవాడి చెల్లెలు అంటారు.”

“అయితే సాక్ష్యం చెప్పను.”

“చెప్పకపోతే నీళ్లుండవు!”

“మరి నన్నేం చేయమంటావు?”

“నాకేం తెలుసు? మూడోసారి దాటమని నేను చెప్పానా?” అని మళ్లీ పిండిలో చేతులు పెట్టింది.

నేను తర్కశాస్త్రం చదువుకున్నవాణ్ణి. ఈ రెండు వాక్యాలూ ఒకే మనిషి నోట, ఒకే నిమిషంలో ఎలా నిలుస్తాయో నాకు బోధపడలేదు.

నూవొరోలో ఉన్న మా వకీలుకు ఫోను చేశాను. “అవన్నీ జానపదం, ప్రొఫెసరుగారూ. చట్టం దృష్టిలో సున్నా,” అని నవ్వాడు. ఊరి పాదిరీని అడిగాను. చిన్నవాడు, మర్యాదస్తుడు.

“చర్చి లెక్కలో అది ఏమీ కాదండీ,” అన్నాడు.

“అయితే నన్ను కట్టడిచేసేది ఏమీ లేదన్నమాట.”

“చర్చి లెక్కలో అన్నాను.” అతడు గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించాడు. “అంతకన్న నన్నడక్కండి. నేను ఈ ఊళ్లోనే ఉండాలి.”

ఊళ్లోని కాఫీ హోటలులో నా కాఫీకి డబ్బు పుచ్చుకోవడం మానేశారు. ప్రెదు చెల్లించి పోయాడని ఒకరోజు, ప్రెదు కొంపారె కనుక వద్దని మరొక రోజు చెప్పారు. మికెలి ఎదురుపడినప్పుడల్లా టోపీ తీసి, “కొంపారెగారు కులాసానా అండీ?” అని అడిగేవాడు. అది వెటకారమో మర్యాదో ఆ వేసవి అంతా నాకు తేలలేదు. అతడికీ తేలలేదనుకుంటాను.

ప్రెదు మాత్రం ఒక్కమాట కూడా గోడ గురించి ఎత్తలేదు. దారిలో కనబడితే ఆగేవాడు. “మోకాళ్లు ఎలా ఉన్నాయండీ కొంపారె?” అనేవాడు. “బాగానే ఉన్నాయి. మీ గొర్రెలు?” అనేవాణ్ణి. “ఎండకు పాలు తగ్గాయండీ.” తర్వాత ఇద్దరం కొంతసేపు నిలబడేవాళ్లం. అతడేదో ఎదురుచూస్తున్నట్టు నిలబడేవాడు. నేను ఎప్పుడు విడిపోవాలో తెలియక నిలబడేవాణ్ణి. వారానికి ఒకసారి గుమ్మంలో జున్నో, తేనెపట్టో ఉండేది. తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాలి. నేను ఏమి ఇవ్వాలి? నా దగ్గర ఉన్నది ఒక నిఘంటువు. పట్టణంనుంచి మంచి టై ఒకటి తెప్పించి పంపాను. మరునాడు ప్రెదు దాన్ని కట్టుకొనే గొర్రెలు తోలుకువెళ్లడం నా కిటికీలోంచి చూశాను. కొండంతా చూసి ఉంటుంది.

ఆగస్టు నడిమికి ట్యాంకరు వారానికి మూడుసార్లు రావలసింది ఒకసారే రాసాగింది. అసుంతా రెండు గదులు మూసింది. ఆగస్టులో మళ్లీ వచ్చిన జర్మను దంపతులు రెండు రోజులు ముందే వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు ఆయన అసుంతాను కౌగలించుకొని, “స్నానం లేకపోయినా పర్వాలేదు, అమ్మమ్మ పంది కోసం వస్తాం,” అన్నాడు. ఆ వాక్యాన్ని నేను అనువదించి చెప్పాను. మా చెల్లెలు నా ముఖంవైపు చూడకుండా, “థాంక్యూ సార్,” అంది. అది ఆయనతో అందో, నాతో అందో.

ఆగస్టు ఇరవై ఎనిమిదిన నేను టై కట్టుకొని, చేతికర్ర తీసుకొని ప్రెదు దొడ్డికి నడిచాను. ఏమి మాట్లాడాలో దారి పొడవునా వాక్యాలు కూర్చుకున్నాను. మూడు వాక్యాలు సిద్ధమయ్యాయి. మొదటిది, నేను కోర్టులో సత్యమే చెప్పవలసి ఉంటుందని. రెండోది, అందుకు నన్ను మన్నించాలని. మూడోది, ఆ సాయంత్రం జరిగినది నా పొరపాటని.

ప్రెదు పాలు కాచే పెద్ద రాగి గిన్నె కడుగుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకొని, ఓక్ దుంగమీద గోనె పరిచాడు. “కూర్చోండి కొంపారె. ఇన్నాళ్లకు వచ్చారు.”

కూర్చున్నాను. నా మొదటి వాక్యం ఎత్తుకొనేలోపల అతడే మొదలుపెట్టాడు.

“మీరు రారేమో అనుకున్నా. మిమ్మల్ని ఒకటి అడగాలని జూన్ నుంచి కాచుక్కూర్చున్నానండీ. నేనై అక్కడికి వచ్చి అడిగితే మీ చెల్లెలు పొయ్యికర్ర తీసుకుంటుంది.”

“అడగండి.”

“హద్దు చెక్కినప్పుడు నాకు నాలుగేళ్లు. మా అయ్య చెప్పిన మాటమీద గోడ కట్టాను. గుర్తు ఊటకు కిందివైపు అన్నాడు. మా అయ్య తాగుతాడు, అబద్ధాలూ ఆడతాడు, మీకు తెలుసు. మీ నాన్న తాగడు గానీ ఆయనా ఏం తక్కువ తిన్లేదు. మిమ్మల్ని కొట్టి చూపించారంట కదా. కొంపారెకి కొంపారె అబద్ధం చెప్పకూడదు. చెప్పండి. గుర్తు ఊటకి పైనా, కిందా?”

“నా ఎడమ చెంపమీద కొట్టారు,” అన్నాను. “మా నాన్న చేతికి ఉంగరం ఉంది. పెదవి చిట్లింది. మీ నాన్న నవ్వాడు. బండమీద ఒక బల్లి ఉంది.”

“ఆ. బండ ఎక్కడుంది?”

నేను వెతికాను. డెబ్బై నాలుగేళ్ల తలలో వెతకగలిగినంత వెతికాను. దెబ్బ ఉంది. నెత్తుటి రుచి ఉంది. బల్లి రంగు కూడా ఉంది. బండకు పైన ఊట ఉందో, కింద ఊట ఉందో ఉండవలసిన చోట మా నాన్న గొంతు ఒక్కటే ఉంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, భోజనాల దగ్గర, ‘ఊటకు పైన, పైన’ అని చెప్పిన గొంతు. దాన్నే నేను నా కన్ను అనుకున్నాను. నాలుగేళ్లుగా వకీలుకు రాసిచ్చిన కాగితాల్లో, స్పష్టమైన భాషలో, దాన్నే చూశానని సంతకం చేశాను.

“నాకు తెలియదు,” అన్నాను.

ప్రెదు దుంగమీద నా పక్కన కూలబడ్డాడు. ఆ తర్వాత ఊపిరి వదిలి నవ్వాడు. “మీక్కూడా తెలీదా! నేను నాలుగేళ్లుగా మీకు భయపడి చస్తున్నానండీ.”

“ఒక మాట అడగాలి,” అన్నాను. “ఆ సాయంత్రం మీరు ఎందుకు వచ్చి రుమాలు పట్టుకున్నారు? నా నోరు కట్టేయడానికా?”

“మీరే పిలిచారు కదండీ!”

“నేను మిమ్మల్ని చూడలేదు. పొగ.”

“నాకేం తెలుసు? చదువుకున్నోరు, ఏదో ఆలోచించే పిలిచారనుకున్నా. మీకు మీరై రాజీకి వచ్చారనుకున్నా. నిప్పు అంచున మూడుసార్లూ ఆగాను, ఇప్పుడైనా మానేస్తారేమో చూద్దామని. మీరేమో లాగారు!”

నేను సిద్ధం చేసుకున్న మూడు వాక్యాల్లో ఇప్పుడు ఒక్కటీ పనికి రాలేదు. లేచి నిలబడ్డాను. వెళ్లివస్తానన్నాను.

“ఎక్కడికండీ?” ప్రెదు గొంతులో మొదటిసారి చిరాకు వినిపించింది. “వచ్చి ఏమీ అడక్కుండా పోతారా? రెండు నెలలైంది. జున్ను పంపాను, తేనె పంపాను, దారిలో నిలబడ్డాను. ఏమీ అడగని కొంపారె ఏం కొంపారె అండీ? నాకై నేను గోడ పడగొడితే ఊళ్లో ఏమంటారు, దొంగతనం ఒప్పుకున్నాడంటారు. మీరు అడిగితే లేదనకూడదు నేను. అడగండి మరి!”

నేను నా జీవితంలో ఎవరినీ ఏదీ అడగలేదు. ఉద్యోగం పరీక్షలో సంపాదించాను. లీడ్స్‌కు విద్యార్థివేతనం మీద వెళ్లాను. నా ఇంగ్లీషులో అర్థించడానికి పద్ధతులు అనేకం ఉన్నాయి. వాటిని ఇతరులకు నేర్పాను. ఆ దుంగ పక్కన నిలబడి నోరు తెరిచినప్పుడు వాటిలో ఒక్కటీ రాలేదు.

“నీళ్లు,” అన్నాను.

“ఎన్ని?”

“అది… అసుంతాను అడగాలి.”

ఆ సాయంత్రమే అసుంతా నాలుగేళ్ల తర్వాత గోడదాకా ఎక్కి వచ్చింది. చేతులకు ఇంకా పిండి ఉంది. నా వంక చూడలేదు. ప్రెదు గోడకు అవతల, ఆమె ఇవతల. పలకరింపులు లేవు.

“రాత్రిళ్లు తీసుకో. పగలు నా గొర్రెలకి కావాలి,” అన్నాడు ప్రెదు.

“రాత్రి వచ్చిన నీళ్లతో పగలెట్లా స్నానాలు చేస్తారు నా జనం?”

“తొట్టి కట్టుకో.”

“ఎవడు కడతాడు?”

“నేను కడతా. ఇంత గోడ కట్టినవాణ్ణి తొట్టి కట్టలేనా?”

“రాళ్లో?”

ప్రెదు గోడవైపు చూశాడు. అసుంతా కూడా చూసింది. నేను కూడా చూశాను. మరునాడు ఉదయం ప్రెదు గోడ పైవరసనుంచి రాళ్లు దింపసాగాడు. వారం రోజుల్లో మా దొడ్డి వెనక తొట్టి లేచింది. మొదటి మూడు రోజులు నీళ్లు బురదగా వచ్చాయి. నాలుగో రోజు తేటపడ్డాయి; అదే మా నీటి ఆధారమని అసుంతా అధికారులకు రాసి పంపింది. నేను ఒక గ్లాసు తాగి చూశాను. చిన్నప్పటి రుచి అవునో కాదో చెప్పలేకపోయాను. నా జ్ఞాపకాన్ని ఆ పాటికి నేను ఏ విషయంలోనూ సాక్ష్యానికి పిలవడం మానేశాను.

సెప్టెంబరు పదహారున అందరం నూవొరో వెళ్లాము. వ్యాజ్యం ఉపసంహరించుకోవాలంటే ఇరుపక్షాలూ హాజరై చెప్పాలని వకీలు అన్నాడు. ఆయన ముఖం మాడిపోయి ఉంది. గెలిచే కేసును చేజేతులా పాడుచేశానని నాతో మెట్లమీదే అన్నాడు. ఆయన అన్నది తప్పని చెప్పడానికి నాకు ఆధారం లేదు, ఒప్పని చెప్పడానికీ లేదు.

లోపల, జడ్జిగారి పక్కన ఉన్న గుమాస్తా కొత్తవాడు, సముద్రానికి అవతలనుంచి వచ్చినవాడు. ఉపసంహరణ అయినా సరే, పిలిపించిన సాక్షి వివరాలు నమోదు కావాలన్నాడు. నన్ను నిలబెట్టి, పేరు, పుట్టిన ఊరు, వృత్తి అడిగి రాసుకున్నాడు.

“ప్రతివాది ప్రెదు మర్రొసుతో మీకు బంధుత్వం ఉందా?”

నిన్నటిదాకా నాకు ఆచారం వేరు, చట్టం వేరు. ఆ ప్రశ్న ఏ వైపునుంచి వచ్చిందో నిర్ణయించుకోలేకపోయాను. “ఉంది,” అన్నాను.

గుమాస్తా కాగితాలు తిరగేశాడు. ఈ సంగతి ఎక్కడా లేదే అని వకీలువైపు చూశాడు. వకీలు పైకప్పువైపు చూశాడు.

“తండ్రి వైపా, తల్లి వైపా?”

నేను నోరు తెరిచి, మూసుకున్నాను. ప్రెదు కిటికీలోంచి బయట ఆగిన ట్రక్కును శ్రద్ధగా చూస్తున్నాడు. వెనక వరుసలోనుంచి కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది.

“నిప్పు వైపు బాబూ,” అంది అసుంతా. “మా అన్నయ్యకి చెప్పడం రాదు. నువ్వు రాసుకో.”

గుమాస్తా కలం ఎత్తి జడ్జిగారి వంక చూశాడు. జడ్జిగారు మా ఊరివారు కాకపోయినా మా ద్వీపంవారే.

“ఆవిడ చెప్పినట్టే రాయండి,” అన్నారు.

అతడు రాశాడు. ఊట ఎవరిదన్న సంగతి మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు.